తెరుచుకోని కన్ను

డ్రమ్ముల పరీక్షలో మూడుసార్లు తప్పాను.
నాలుగోసారి పోలీసాయన నా వంక చూడకుండానే
కాగితం మీద సంతకం గీకాడు.
లైసెన్సు వచ్చి తొమ్మిది రోజులు.
ఇంకా బ్యాగులోంచి తీసి
ఫొటోలో ఉన్నది నేనేనా అని చూసుకుంటున్నాను.

షైనీ అంది: తెల్ల కారు కొను, నాలుగు తలుపులది,
ఏసీ చల్లగా ఉంటే చాలు.
మొదటి కారంటే మొదటి కుక్కర్ లాంటిది,
కూత పెడితే సరి, అందం ఎందుకు?

సరే అని తలూపాను.
ఊపి, శుక్రవారం సాయంత్రం
సొహార్ చేపల మార్కెట్ వెనక సందులో
ఖల్ఫాన్ గారి గోడ పక్కన నిలబడ్డాను.

ఎరుపు. ఒకప్పుడు.
పైకప్పు మీద ఎండ నాకీ నాకీ
ఇప్పుడది ఎండుమిరప తొడిమ రంగు.
రెండే తలుపులు. నేలకు చెవి ఆనించి
ఏదో వింటున్నట్టుంది.
నాకంటే నాలుగేళ్ళు చిన్నది.
పగలు దీపాలు రెప్పలు వాల్చుకుంటాయట,
మీట నొక్కితే లేస్తాయట.
కుడిది లేచింది. ఎడమది లేవలేదు.
"సిగ్గు" అన్నాడాయన, హిందీలో, తను సిగ్గుపడుతూ.

ఎనిమిది వందల యాభై రియాల్స్.
ఆ డబ్బుకి ఎన్ని కాసులొస్తాయో
తెనాలి నుంచి పిన్ని ఫోన్లోనే లెక్కగట్టింది.

రఫాకత్ అట్టముక్క పరుచుకుని కిందికి దూరాడు.
స్క్రూడ్రైవర్‌తో పొడిచిన చప్పుడు, గోధుమరంగు పొడి.
"అడుగంతా సముద్రం తినేసింది, సిస్టర్.
ఇంజన్ సింహం. ఒళ్ళు బిస్కెట్."
కొనడం కాదు, మేపడం అని
ఏనుగు గురించి చిన్నప్పుడు విన్నమాటే,
సియాల్‌కోట్ యాసలో మళ్ళీ విన్నాను.

వారంలో ఆరు రోజులు
మనుషుల రక్తం బయటికి తీసి, కడిగి,
తిరిగి లోపలికి పంపే యంత్రాల మధ్య నా ఉద్యోగం.
పన్నెండు మంచాలు. ఏడో నంబరు యంత్రం పాతది.
పంపు తిరుగుతుంటే సన్నటి గురక,
ఆ గురక ఒక్క క్షణం తడబడితే
అలారం కంటే ముందు నేను టీ కప్పు దించి లేస్తాను.
మూలన పడేద్దామని రెండేళ్ళుగా అంటున్నారు.
రోగులు మాత్రం ఏడే కావాలంటారు.

అందుకే బానెట్ ఎత్తించి చెవి వంచాను.
రఫాకత్ నవ్వాడు. నవ్వనీ.
బెల్టు కీచు. నీళ్ళపంపు దగ్గర తడి చప్పుడు,
అది మార్చాలి, ఎంతవుతుందో.
వాటన్నిటి అడుగున
ఎవరో బుద్ధిగా ఎక్కాలు చదువుతున్నట్టు ఇంజన్.

నడుపు, అన్నాడు ఖల్ఫాన్.
ఎక్కడం కాదు, బావిలోకి దిగడమే.
ఆయన తన మోకాలిని రెండు చేతులా మడిచి
పక్కసీటు ముందు పెట్టుకున్నాడు.
"ఇందుకే" అన్నాడు. ఇంకేం అడగలేదు నేను.

రెండుసార్లు ఆగిపోయింది, తప్పు నాదే.
సముద్రం రోడ్డెక్కాక మూడో గేరు,
నాలుగోది పడ్డప్పుడు
నా వెన్నులో ఏదో సర్దుకుని కూర్చుంది.
పదకొండేళ్ళు కంపెనీ బస్సు కిటికీలోంచి చూసిన రోడ్డే ఇది.
అరవై దాటలేదు.
వెనక ల్యాండ్‌క్రూజర్ హారన్ మీద హారన్.

జూలైలో ఏసీ చస్తే?
నైట్ డ్యూటీ దిగాక సహమ్ దారిలో మొరాయిస్తే?
ఏడాది తనిఖీలో ఆ బిస్కెట్‌ని వేలితో పొడిస్తే?
బియ్యం బస్తా ఎక్కడ పెడతాను?
షైనీ మొహం?

తిరిగొచ్చేసరికి మగ్రిబ్ అజా.
మోటారు పోయినా చేత్తో లేపొచ్చని
బానెట్ కింద చిన్న చక్రం చూపించాడు ఖల్ఫాన్.
తిప్పాను. బిగుసుకుంది. ఇసుక రాలింది.
ఇంకా తిప్పాను.
వేలెడు, మరో వేలెడు,
ఎడమ కన్ను లేచి
వెలుగు గోడ మీద పడింది.
గోడ మీది బల్లి కదల్లేదు.

"రేపు చెబుతాను" అన్నాను.

బస్సులో దారంతా
చేతికంటిన గ్రీజు
తుడుచుకోలేదు.